గోడలు లేని గుమ్మం

మా వియ్యంకుడు గారు పోయారు. ఆ కబురు అద్దంకి నుంచి మా అమ్మాయి ఫోన్లో చెప్పేసరికి నేను నల్లపాడులో, మా ఇంటి వెనక గదిలో, మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాను. అలా కూర్చోవడం దర్జాకి కాదు. రాత్రి కురిసిన వాన రోడ్డు దిగి ఇంట్లోకి వచ్చి మంచం కోళ్లని తడుముతోంది.

"నాన్నా, మామయ్యగారు పోయారు. తెల్లవారుజామున. నువ్వు వెంటనే బయల్దేరు."

సరేనన్నాను. కానీ మా ఇంట్లోంచి వెంటనే బయల్దేరడం ఎవరి తరమూ కాదు. ఇంటికి ముందు సగం లేదు. దాన్ని విప్పి, ఇటుక మీద ఇటుక పేర్చి, దూలాలన్నీ ఒక పక్కకి చేర్చి, మిగతా సగం విప్పడానికి మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిన మనిషే ఇప్పుడు పోయిన మనిషి.

ఎవరైనా పోయారంటే ముందు ఆ మనిషి ముఖం గుర్తుకు రావాలి. నాకు ముందు ఇటుకలు గుర్తుకొచ్చాయి. ఇది ఆయనకి తెలిస్తే తప్పు పట్టరు, సంతోషిస్తారు.

మా ఇల్లు రోడ్డు కంటే లోతులో ఉంది. కట్టినప్పుడు అలా లేదు. మా నాన్న రోజుల్లో వీధిలోంచి మెట్లెక్కి అరుగు మీదికి రావాలి. ఆ తర్వాత రోడ్డు వేశారు. మా వీధిలో పాత రోడ్డు తవ్వి తీసి కొత్తది వెయ్యడమనే ఆచారం లేదు. తారు మీద కంకర, కంకర మీద సిమెంటు, ఆ సిమెంటు మీద మళ్లీ సిమెంటు. పెనం మీది అట్టు తియ్యకుండా దాని మీదే ఇంకో అట్టు పోసినట్టు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మా వీధి ఎత్తు పెరిగింది. మెట్లని ఒక్కొక్కటిగా మింగింది. ఓ పూట చూసుకుంటే అరుగూ రోడ్డూ సమానమైపోయాయి. ఆ పైసారి నుంచి మేం ఇంట్లోకి ఎక్కడం మానేసి దిగడం మొదలుపెట్టాం. ఇప్పుడు గుమ్మంలో నిలబడితే వీధిలో పోయేవాళ్ల ముఖాలు కాదు, చెప్పులు కనిపిస్తాయి. చెప్పుల్ని బట్టి మనిషిని పోల్చడం ఈ వయసులో నేర్చుకున్న విద్య.

నా విద్యలన్నీ అలాంటివే లెండి. మిర్చి యార్డులో గుమస్తాగా చేరిన రోజుల్లో బస్తాల మీద అచ్చేసిన అక్షరాలు చదువుతూ చదువు నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఏ పుస్తకం తెరిచినా తుమ్మొస్తుంది.

ఇరుగూ పొరుగూ తమ ఇళ్లు కూలగొట్టి ఎత్తులో అపార్ట్‌మెంట్లు కట్టుకున్నారు. కూల్చిన గోడలు లారీలెక్కి ఊరి చివర పత్తిచేల పక్కన కాలువలో పడ్డాయి. కాలువ పూడిపోయింది. పోయే దారి లేక వాన నీళ్లు వెనక్కి తిరిగి, ఊరంతటికీ పల్లంలో ఉన్న చోటు ఏదా అని వెతుక్కుని మా ఇంటికొచ్చాయి. అంటే పక్కింటివాళ్ల గోడలే నీళ్లయి మా ఇంట్లోకి వచ్చాయన్నమాట. ఎడమ పక్క అయిదంతస్తులు, కుడి పక్క అయిదంతస్తులు, ఎదురుగా రోడ్డు, మధ్యలో నేను. సూర్యుడు కూడా మిట్టమధ్యాహ్నం ఒక్కసారి తొంగిచూసి, ఉన్నాడా లేడా అని కనుక్కుని వెళ్తాడు.

ఇక ఆయన సంగతి. మా వియ్యంకుడు గారిది పాత ఇళ్లు విప్పే పని. కూల్చే పని అంటే ఒప్పుకునేవారు కాదు.

"కూల్చడం వేరు, విప్పడం వేరు బావగారూ. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పుతాం గానీ చింపుకుంటామా?"

మా అమ్మాయిని చూసుకోవడానికి వచ్చిన రోజున నేను మొదటిసారి ఆయన్ని చూశాను. అమ్మాయి కాఫీలు తెచ్చి నిలబడింది. పెళ్లికొడుకు తల దించుకున్నాడు. కాబోయే మామగారు మాత్రం లేచి గోడ దగ్గరికి వెళ్లి, చెవి ఆనించి, వేలి కణుపుతో టకటకా కొడుతున్నారు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. "ఏంటండీ ఈయన, గోడకేమన్నా చెప్తున్నాడా?"

"గానుగ సున్నమేనా?" అన్నారాయన గోడని వదలకుండా.

"అవునండీ. మా నాన్న దగ్గరుండి ఆడించారు."

"ఇటుకకి ఇటుక ఊడొస్తుంది. ఇలాంటి ఇల్లు చూసి చాలా కాలమైంది," అన్నారు, అప్పుడే మా అందరి ముఖాలూ గుర్తొచ్చినట్టు తిరిగి చూసి. సంబంధం ఖాయమైంది గానీ, ఆయనకి అమ్మాయి నచ్చిందా గోడ నచ్చిందా అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది.

సున్నానికీ సిమెంటుకీ తేడా ఆయన చెప్పగా తెలిసిందే. సున్నంతో కట్టిన ఇటుకని పలుగుతో మెల్లగా పలకరిస్తే విడిపోతుంది, గీకి మళ్లీ వాడుకోవచ్చు. సిమెంటు అలా కాదు. "పట్టుకుంటే ఇటుకని చంపి గానీ వదలదు" అనేవారు. కట్టేవాడు విప్పేవాడి గురించి కూడా కాస్త ఆలోచించాలనేది ఆయన మాట. ఓసారి నేను అడ్డం పడ్డాను. "ఇల్లు కట్టుకునేటప్పుడే విప్పడం గురించి ఆలోచించడం అశుభం కాదా బావగారూ?"

"పెళ్లిలో మూడు ముళ్లు వేస్తారు. సిమెంటుతో అతికిస్తారా?"

లోపలి నుంచి చెల్లెమ్మ, అంటే ఆయన భార్య, అందుకుంది. "అతికించినా బావుండేది అన్నయ్యగారూ. ఈయన పాతిళ్ల కోసం ఊళ్లు పట్టుకు తిరక్కుండా ఇంటిపట్టున ఉండేవాడు."

ఆయన వంకర మేకులు ఒడిలో పోసుకుని, రాయి మీద ఒక్కొక్కటీ పెట్టి, మాట్లాడుతూనే సుత్తితో తిన్నగా చేసేవారు. కబుర్లకి వచ్చినవాళ్ల చేతిలో కూడా ఓ మేకు పెట్టేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ మేకులే. ఉతికేటప్పుడు గుచ్చుకుని చెల్లెమ్మ తిట్టే తిట్లు మాత్రం ఆయన తిన్నగా చెయ్యలేకపోయారు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యను. ఆయనకో జబ్బుంది. ఎవరేమిచ్చినా వద్దనలేరు. వాసాలు అమ్ముడుపోతాయి, పెంకులు పోతాయి, ఇటుకలకైతే ముందే చెప్పిపెట్టుకుంటారు. సింహద్వారం మాత్రం ఎవరూ కొనరు. ఒక ఇంటి గడప ఇంకో ఇంటికి అచ్చిరాదని మా వైపు గట్టి నమ్మకం. ఇల్లు విప్పించినవాళ్లు కొత్త ఇంటికి పట్టుకెళ్లరు, అక్కడ కొత్త టేకు ద్వారం పెట్టుకుంటారు. పోనీ కట్టెలకిద్దామంటే, ఏళ్ల తరబడి పసుపు రాసి బొట్లు పెట్టిన గడపని పొయ్యిలో పెట్టే ధైర్యం ఏ ఇల్లాలికీ లేదు. "మీ దగ్గర ఉంచండి" అని ఆయనకి అప్పజెప్పేవాళ్లు. ఆయన ఉంచేవారు. అలా అద్దంకిలో ఆయన ఇంటి ముందరి వాకిలంతా ద్వారబంధాలతో, తలుపు రెక్కలతో నిండిపోయి, గేటు నుంచి ఇంటి దాకా ఒక మనిషి పక్కవాటుగా నడిచేంత సందు మిగిలింది. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరు వెనక్కి నడవాలి.

"నన్ను కాపురానికి తెచ్చింది ఇంట్లోకి కాదన్నయ్యగారూ, గుమ్మాల సందులోకి," అనేది చెల్లెమ్మ.

లోకంలో ఏదీ వృథా పోకూడదన్న మనిషి తాను కదలడానికి చోటు మిగుల్చుకోలేదు.

మొన్న వేసవికి ముందు మా వంటింట్లోకి కూడా నీళ్లొచ్చాయి. ఇక ఇల్లు తీసి ఎత్తులో కట్టక తప్పదని తేలింది. మా అల్లుడికి సొంత పొక్లెయిను ఉంది, చేసేదీ కూల్చే పనే. మంచి పిల్లవాడు. తండ్రితో కలిసి వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు.

"ఒక్క పూట చాలు మామయ్యా. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి చదును."

"చదును చెయ్యడానికి ఇది చేనేంట్రా?" అన్నారు మా వియ్యంకుడు గారు.

"నువ్వు నెలంతా విప్పేది నేను గంటలో తీస్తా నాన్నా. కాలం మారింది."

"తీసి? లారీకెత్తి ఎక్కడ పోస్తావు?"

"ఎక్కడో చోట."

"ఆ ఎక్కడో చోటులోనే మీ మామ కాపురం ఉంటున్నాడు, చూసుకో."

నేను విప్పడానికే ఒప్పుకున్నాను. ఆయన లెక్క తేలిక. పగిలిన ముక్కలన్నీ కొత్త పునాది మట్టంలో నింపి ఎత్తు చెయ్యాలి, బాగున్న ఇటుకలతో మళ్లీ గోడలు లేపాలి, అవే దూలాలు, అవే తలుపులు ఎక్కించాలి. బయటికి పోయేది పిడికెడు దుమ్ము. "మీ ఇల్లు మీ ఇంటి మీదే నిలబడుతుంది బావగారూ," అన్నారు.

మిరపకాయల సీజను అయిపోయి కూలీలు దొరికే రోజులు చూసుకుని, తన మనుషులతో దిగారు. చివర కట్టింది ముందు విప్పాలి. పెంకులు దించారు, వాసాలు దించారు. ఏ దూలం ఏ గోడదో తెలియడానికి కొసన ఎర్రజాజుతో గీతలు పెట్టారు. గోడలు పై నుంచి వరసలు వరసలుగా దిగొచ్చాయి. నేను కూర్చుని ఇటుకల సున్నం గీకాను. మా నాన్న పెట్టించిన ఇటుకని పట్టుకుని చూడడం అదే మొదలు. ఒకదాని మీద తడిగా ఉన్నప్పుడు తొక్కిన కోడి కాలి గుర్తు ఉంది. అది చూపిస్తే ఆయన, "దీన్ని లోపలికి కట్టొద్దు, కనిపించేట్టు కడదాం" అని విడిగా పెట్టారు.

మా ఆవిడ మూడో రోజుకల్లా, "ఇటుకలతో కాపురం నా వల్ల కాదు" అని అమ్మాయి దగ్గరికి అద్దంకి వెళ్లిపోయింది. ఇటుకలకి కాపలాగా నేను మిగిలాను.

ముందు సగం గోడలన్నీ దిగాక కూడా సింహద్వారాన్ని మాత్రం ఆయన ముట్టుకోలేదు. రెండు పక్కలా కర్రలు ఆనించి, తలుపులతో సహా అలాగే నిలబెట్టారు.

"ఇదెందుకు బావగారూ? అటూ ఇటూ గోడే లేదు కదా."

"ఇంటివాడు లోపలున్నంత కాలం గుమ్మం తియ్యకూడదు. మీరు వెళ్లడానికి, రావడానికి ఓ దారి ఉండొద్దూ?"

రోడ్డు మీదికి ఎక్కడానికి ఎవరిదో పాత వంటింటి తలుపొకటి తెచ్చి ఏటవాలుగా వంతెన వేశారు. అప్పటినుంచి నాకు ఇదే రాకపోకల దారి. పాలు పోసే ఆమె, ఫ్యాను బాగు చేసేవాడు, అందరూ గోడ ఉండాల్సిన చోటు నుంచి తిన్నగా నడిచి వచ్చేస్తారు. ఆయన మాత్రం ఎంత హడావుడిలో ఉన్నా చుట్టూ తిరిగొచ్చి, చెప్పులు విడిచి, తల వంచి గుమ్మంలోంచే వచ్చేవారు. ఆయన్ని చూసి నాకూ అలవాటైంది. గోడ లేకపోయినా పడుకోబోయే ముందు గడియ పెడతాను. నవ్వుకోండి. నేనూ నవ్వుకునే పెడతాను.

ముందు సగం అయ్యాక ఆయనకి ఆయాసం ముదిరింది. జీవితమంతా తిన్న దుమ్ము ఒక్కసారి లెక్కకొచ్చింది. డాక్టరు దుమ్ము దగ్గరికి పోవద్దన్నాడు. ఓ వారంలో వస్తానని బస్సెక్కారు. వారం పోయింది, వానలొచ్చాయి. ఆయన లేకుండా ఆయన మనుషులు రామన్నారు. ముందు గోడ లేదు కనుక నీళ్లకి అడ్డమూ లేదు. ముందు ఇటుకల గుట్టలు, వెనక అపార్ట్‌మెంటు వాళ్ల గోడ, పైన రోడ్డు. రోజులో ఎక్కువ భాగం నేను మంచానికి ఆ కొస నుంచి ఈ కొసకి ప్రయాణం చేశాను.

అల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, ఊఁ అను చాలు, రేపే బండి పంపిస్తా. వేరే ఇల్లు అద్దెకి చూస్తా" అనేవాడు. తండ్రి ఫోన్ చేసి, "వాడి మాట వినకండి, నేనొస్తున్నా" అనేవారు. ఒకరు వియ్యంకుడు, ఇంకొకరు అల్లుడు. తెలుగునాట ఇంతకంటే ఇరుకైన సందు లేదు. ఊఁ అనలేక, ఊహూఁ అనలేక అక్కడే ఉండిపోయాను.

చివరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు కిటికీ పక్కన మంచం మీద ఉన్నారు. కిటికీలోంచి ద్వారబంధాలు తప్ప ఆకాశం కనపడదు. చాలాసేపు వాటినే చూసి, "ఇన్ని తలుపులున్నాయి బావగారూ. ఒక్కటీ ఎటూ తెరుచుకోదు," అన్నారు. ఆయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. చేతిలో ఉన్న బత్తాయి వలుస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే తేరుకున్నారు.

"మీ దూలాల మీద పట్టా కప్పారా?"

"కప్పాను."

"ఇటుకలు తడిసినా పర్లేదు, ఎటూ తడిపే కడతాం. దూలాలు జాగ్రత్త."

అదే ఆఖరి మాట.

నేను నీళ్లలోంచి నడిచి, తలుపు వంతెనెక్కి, బస్సులు మారి అద్దంకి చేరేసరికి వాకిట్లో జనం చిక్కుకుని ఉన్నారు. పాడె సిద్ధమైంది. అది ఆ సందులోంచి ఎలా వస్తుంది? నలుగురు మోసేవాళ్లు పక్కపక్కన పట్టరు. ఎవరో దొడ్డివైపు నుంచి తీసుకెళ్దామన్నారు. చెల్లెమ్మ ఏడుపు ఆపి, "ఇన్ని సింహద్వారాలు కాపాడిన మనిషిని దొడ్డిదారిన పంపుతారా?" అంది.

గేటు బయట మా అల్లుడి పొక్లెయిను ఆగి ఉంది. "అమ్మా, పది నిమిషాలు. పక్కకి నెట్టేస్తాను," అన్నాడు.

"నెడితే విరుగుతాయిరా."

"మరెలాగమ్మా?"

చెల్లెమ్మ లేచి ఒక కిటికీ రెక్క ఎత్తి పక్కనున్నామెకి ఇచ్చింది. ఆవిడ ఇంకొకరికిచ్చింది. అంతే, ఎవరూ చెప్పకుండానే గేటు దాకా వరస కట్టారు. తలుపులు చేతులు మారుతూ బయటికి నడిచాయి. ద్వారబంధాలు నలుగురేసి పట్టారు. చావింట్లో కూడా మనవాళ్లు ఊరుకోరు కదా. "ఒరేయ్, గడపకి కాలు తగిలిస్తన్నావు, కళ్లకద్దుకో," "అద్దుకోవాలంటే చేతులేవి బాబాయ్, నువ్వు పట్టుకో మరి." నేనూ ఓ కొస పట్టాను. రోడ్డు వారగా గోడకి ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టారు. పక్క వీధి ముసలామె ఒక దాని ముందు ఆగిపోయింది.

"ఇది మా ఇంటిది. ఈ గడప మీదే కూర్చుని కూరలు తరిగేదాన్ని. చూడు, నా కత్తిపీట గాటు."

వాకిలి ఖాళీ అయింది. ఆ ఇంటి ముందు అంత నేల ఉందని అప్పుడు తెలిసింది నాకు. ఆయన ఆ నేల మీదుగా, తర్వాత రోడ్డు మీద రెండు వైపులా నిలబడ్డ గుమ్మాల మధ్య నుంచి వెళ్లారు. తిరిగొచ్చి స్నానాలు చేసి చూస్తే వాటిలో కొన్ని లేవు. ముసలామె తన గడపని ఆటోకి కట్టించుకుంటోంది.

"ఎక్కడ పెడతావమ్మా?" అన్నాను.

"ఏమో. ముందు ఇంటికి తీసుకుపోతా."

మిగిలినవి మళ్లీ లోపలికి మొయ్యడానికి మాత్రం ఎవరూ రాలేదు. చెల్లెమ్మ వాటి మీద పట్టాలు కప్పించింది.

పెద్దకర్మ అయ్యాక నేను మళ్లీ నా గుంటలోకి దిగాను. ఆయన పెట్టిన ఎర్రగీతలు చూస్తే నాకేమీ అర్థం కాదు. ఆయన మనసులో ఉన్న ఇల్లు ఆయనతో పోయింది. ఇక్కడ మిగిలింది గుట్ట. అల్లుడు బండి పంపిస్తానంటే ఈసారి వద్దనడానికి ఎవరి పేరు చెప్పను?

నిన్న పొద్దున రోడ్డు మీద బూట్లు కనిపించాయి. మా అల్లుడివి. ఇంతకు ముందు వాడు వస్తే చెవికి ఫోన్ పెట్టుకుని, లేని గోడలోంచి అడ్డంగా నడిచి వచ్చేసేవాడు. నిన్న వంతెన దిగి, ఇటుకల గుట్టల దగ్గర ఆగి, చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరికొచ్చాడు. బూట్లు విప్పాడు. పొడుగు మనిషి, బాగా వంగాల్సి వచ్చింది. వంగి లోపలికొచ్చాడు.

దూలాల దగ్గర గొంతుక్కూర్చుని పట్టా ఎత్తి గీతలు చూశాడు.

"ఇవేంటి మామయ్యా?"

"ఏది ఏ గోడదో మీ నాన్న పెట్టిన గుర్తులు. ఆయనకే తెలుసు."

ఒక గీత మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. "నాన్న చెప్పబోతే విసుక్కునేవాణ్ణి. నాకు తియ్యడమే వచ్చు మామయ్యా, పెట్టడం రాదు."

బండి ఎప్పుడొస్తుందని అడగలేదు నేను. అడిగితే ఏం చెబుతాడోనని.

"సున్నం ఆడించేవాళ్లు సింగరాయకొండ వైపు ఎవరో ఉన్నారనేవాడు నాన్న. వెతుకుతా," అన్నాడు లేస్తూ.

"దొరక్కపోతే?"

వాడు తలెత్తి పైకి చూశాడు. మబ్బు పడుతోంది. గుమ్మంలోంచి వంగి బయటికెళ్లి, బూట్లు తొడుక్కుని, తలుపు వంతెన ఎక్కాడు. రోడ్డు మీదికి చేరాక ఆ బూట్లు ఆగాయి. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి, మళ్లీ దిగి వచ్చాడు. అటు ఇటుకలు, ఇటు ఇటుకలు, మధ్యలో కర్రల ఆసరాతో నిలబడ్డ ఆ గుమ్మానికి రెండు రెక్కలూ మెల్లగా దగ్గరికి లాగి, తలుపు వేసి వెళ్లాడు.